హ్యాండ్ బ్రేక్ వేయని ఊరు

"దొంగ!"

పొద్దున్నే నా మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తానో లేదో, ఈ మాట వచ్చి నా మొహాన పడింది. ఎదురుగా నూబియా. వెనక ఆవిడ చిన్న ఎర్ర కారు, దాని కింద నుంచి మాడు వాసన.

"మీరు కొత్త క్లచ్ వేసి మూడు నెలలైనా కాలేదు! ఇంజిన్ గోల పెడుతోంది, బండి మాత్రం కదలదు. మా బడి పిల్లలు నన్ను దాటుకుని నడిచి కొండెక్కేశారు. టీచరమ్మకి టాటా చెప్పి మరీ వెళ్ళారండీ! పాత సామాను వేసి కొత్తదన్నారు కదూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిసాలెస్‌లో పదకొండేళ్ళుగా ఇదే పని నాది. బల్లపరుపు నేల అంటే ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే ఉన్న ఊళ్ళో, ఆర్సేసియో వేసిన క్లచ్ అంటే జనం కళ్ళు మూసుకుని కొండెక్కుతారు. అలాంటి నన్ను దొంగ అంటుందా? అదీ ఎవరు? మళ్ళీ వస్తే ఏం మాట్లాడాలా అని అప్పటి నుంచీ నేను లోలోపల మాటలు పేర్చుకుంటున్న మనిషి!

రోడ్డుకి అవతల అరెపా రొట్టెలు కాల్చే ఫాబియోలా పిన్ని అట్లకాడ ఆపేసి చెవులు రిక్కించింది. పిన్ని విన్నదంటే వీధంతా విన్నట్టే.

"ముందు మీరు నడిపే తీరు చూసుకోండి" అన్నాను.

"నా తీరా? నాకు నేర్పింది మా నాన్న! ముప్పై ఏళ్ళు ఈ కొండల మీద బండి నడిపాడు!"

"అయితే గేర్‌బాక్స్ మీ ఎదుటే దించుతాను. క్లచ్ ప్లేటు పాతదైతే నా షెడ్డు బోర్డు నా చేత్తో నేనే పీకేస్తా. కొత్తదైతే?"

"ఆ పిన్నిగారి ముందే మీకు క్షమాపణ చెప్తా. దించండి!"

బడికి సెలవు చెప్పేసి, పాత టైరు మీద కూర్చుని, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు నన్నే చూస్తూ ఉంది. ఆ చూపుకి రెండుసార్లు స్పానర్ జారి నా వేలి మీదే పడింది. మధ్యాహ్నానికి ప్లేటు బయటికి వచ్చింది. నల్లగా మాడి, పైపొర అరిగి, రివెట్లు తేలి ఉంది. కొత్త ప్లేటు వేసేముందు అంచున నేను చెక్కే నా పేరు మొదటి అక్షరం 'ఆ' మాత్రం చెక్కు చెదరలేదు.

"చూశారా? కొత్తదే. తగలేసింది మీరు."

"ఎలా?"

"అటు ఇంజిన్, ఇటు చక్రాలు. రెంటినీ కలిపేది ఈ ప్లేటు. పెడల్ వదిలితే గట్టిగా పట్టుకుంటుంది, నొక్కితే పూర్తిగా వదిలేస్తుంది. సగం నొక్కి ఉంచారనుకోండి, అటూ కాక ఇటూ కాక రాసుకుని రాసుకుని మాడిపోతుంది. ఏదీ, రెండు అరచేతులూ రుద్దండి."

రుద్దింది. "అబ్బ, కాలుతోంది!" అని నవ్వబోయి, కోపం గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఎత్తులో సిగ్నల్ దగ్గర బండిని క్లచ్ మీదే నిలబెడతారు కదూ?"

"ఊరంతా అంతే కదా! హ్యాండ్ బ్రేక్ వేసేది నేర్చుకునేవాళ్ళు. వేస్తే పరువు పోతుందనేవాడు నాన్న."

"ఆయన ఒక్కసారి ఇలా లాగి ఉంటే..." అంటూ కారులోకి వంగి లాగాను.

పట్టన్నదే లేకుండా లివర్ పైకి వచ్చేసింది. కింద దూరి చూస్తే కేబుల్ తెగి ఉంది. తెగిన కొసలు ఏళ్ళ తరబడి తుప్పుపట్టి ఉన్నాయి.

నూబియా లేచి నిలబడింది. "పోయినసారి ఈ కారు రెండు రోజులు మీ దగ్గరే ఉంది. ఒక్కసారైనా లాగి చూడలేదా?"

వెనక చక్రం కింద నేను పెట్టిన రాయి నన్నే వెక్కిరిస్తోంది. పదకొండేళ్ళలో ఏ కారుకీ నేను హ్యాండ్ బ్రేక్ లాగిన పాపాన పోలేదు.

"రాయి పెట్టానండీ" అన్నాను.

"నేనూ రాయే. సీటు కింద ఉంది."

"ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు!" అవతల నుంచి పిన్ని ఒకటే నవ్వు. రొట్టెలు మాడిపోయాయి.

నూబియా నవ్వలేదు. "ఇది నాన్న కారే. కేబుల్ తెగిందని చెప్పుకోలేక నాకు గొప్పలు నేర్పాడన్నమాట! ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడెవరి మీద అరవను?"

"నా మీద అరవండి. మీకు అలవాటేగా."

అప్పుడు నవ్వింది. పిన్ని ముందు ఆవిడ నాకూ, నేను ఆవిడకీ క్షమాపణ చెప్పుకున్నాం. కొత్త క్లచ్ వేసి, కొత్త కేబుల్ బిగించాను.

తర్వాతి శనివారం ఆవిడ మళ్ళీ వచ్చింది. "ఏదో చప్పుడు." పై శనివారమూ అంతే. ఏ చప్పుడూ లేదు. అది తనకీ తెలుసు, నాకూ తెలుసు. జున్నుముక్క వేసిన వేడి బెల్లం నీళ్ళు తాగేవాళ్ళం, వర్షం గురించి మాట్లాడుకునేవాళ్ళం. అసలు మాట మాత్రం నా గొంతు దాటేది కాదు.

మూడో శనివారం, "ఎక్కండి, చప్పుడు వినిపిస్తా" అంది. చిప్రే పేటకి ఎక్కే ఎత్తులో, సన్నటి జల్లులో, సరిగ్గా నడిరోడ్డు మీద బండి ఆపి హ్యాండ్ బ్రేక్ లాగింది. కారు కొండకి అతుక్కుపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఏంటిది, తియ్యండి!"

"తియ్యను. సగం పట్టుకుని సగం వదిలితే మాడిపోతుందని చెప్పిందెవరు? మూడు వారాలుగా మీరు చేస్తున్నదేంటి? నేనేమైనా ప్లేటునా?" కళ్ళెర్రజేసింది. "చెప్తారా, దిగుతారా?"

"దిగను" అన్నాను. "నువ్వంటే ఇష్టం. మూడు వారాలు కాదు, నువ్వు మొదటిసారి ఈ కారు తెచ్చిన రోజు నుంచి."

"అన్నాళ్ళు దాచావా? దొంగ!"

ఈసారి ఆ మాటకి నాకు ఒళ్ళు మండలేదు. వెనక జీపువాడు తల బయటపెట్టి, వానలో గొంతు చించుకున్నాడు.

"హ్యాండ్ బ్రేక్ వేశారా? మనిసాలెస్ వాళ్ళేనా మీరు? సిగ్గు లేదూ?"

"లేదు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.