మందలో ఎర్ర అంగి

గుర్వమ్మకు మనుషులంటే లెక్కలేదు. గొర్రెలంటే కొంచెం నయం. ఆ పొద్దున కూడా దొడ్డిలో పీట వేసుకుని, పక్కన ఎర్రమట్టి జాజు కలిపిన డబ్బా పెట్టుకుని, ఏడాదికోసారి చేసే పనే చేస్తోంది. పళ్లు అరిగినవి, ఈననివి, కుంటేవి చూసి చూసి పట్టించి, వీపు మీద గుడ్డ పేలికతో ఎర్రటి మచ్చ పెడుతుంది. మచ్చ పడ్డదంటే దాని పని అయిపోయినట్టే. జడ్చర్ల నుంచి వచ్చే గొర్రెల బేపారి మచ్చ చూసి ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోతాడు. ఆ ఇంట్లో మచ్చ పెట్టే హక్కు ఆమె ఒక్కదానిదే. కొడుకు పర్వతాలు మందను కాస్తాడంతే, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చే బుర్ర వాడికి లేదని వాడి ముఖం మీదే అంటుంది. వాడూ అవునన్నట్టు తలూపుతాడు.

మనవరాలు త్రివేణి ఒక ముసలి గొర్రెను మోకాళ్ల మధ్య కదలకుండా ఒత్తి పట్టింది. ఆ పట్టు చూసి గుర్వమ్మ లోపల మురిసింది గానీ పైకి, బంతాటకు తిన్న తిండంతా దండుగ అనుకున్న, గీ పనికన్న అక్కరకొచ్చినవ్ అన్నది. త్రివేణి నవ్వింది. వాలీబాల్ లీగులో ఆడే పిల్ల. లీగు సగంలో ఉండగా మడమ బెణికితే, నయమయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమని జట్టువాళ్లు పంపారు. నయమైంది, రమ్మని ఫోనూ వచ్చింది. రేపు పొద్దున బస్సుకు పోతున్నానని ఆ గొర్రెను వదులుతూనే చెప్పింది.

"పోవుడు లేదు," అన్నది గుర్వమ్మ, ఇంకో గొర్రె కాలు పట్టి గుంజుతూ.

త్రివేణికి అవ్వ మాటలు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ ఆ ఆటను ఆమె తిట్టని తిట్టు లేదు. నడుమ వల కట్టి బంతిని అటు తన్ని ఇటు తన్ని చెమటలు కక్కడం ఒక కొలువా, దానికి జీతమిచ్చేవాడికి బుద్ధి లేదు, చూసేవాడికి పని లేదు అనేది. అయినా పదిమంది వింటారనుకుంటే, మా పొల్ల టీవీల వస్తది అని గొంతు పెంచి చెప్పేది కూడా ఆమెనే. అలాంటిది, పోయిన నెల వాడకట్టంతా పక్కింటి బిక్షమ్మ టీవీ ముందు కూడి త్రివేణి ఆట చూసి వచ్చిన రోజు నుంచి ఆ గొంతు పడిపోయింది. తిట్లు మాత్రం రెండింతలయ్యాయి. ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. పర్వతాలు అడిగితే, నీకు చెప్పేకన్న ఆ పొట్టేలుకు చెప్తే అర్థం చేసుకుంటది అన్నది.

మధ్యాహ్నానికి త్రివేణి సంచీ కనపడలేదు. వెతికి వెతికి అడిగితే అవ్వ సందుగలో పెట్టిందని తేలింది. సందుగకు తాళం, తాళంచెవి ముసల్దాని బొడ్లో. మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న తల్లి మల్లీశ్వరి ఆ లొల్లికి లేచి గడపలో నిలబడింది.

"తాళంచెవి ఇయ్యి అవ్వా."

"ఇయ్య."

"ఎందుకియ్యవు? కాలు మంచిగైంది. వాళ్లే పిలిచిండ్రు."

"పిలువరా మరి. చెమట తుడిచే తువ్వాలలు మోసేతందుకు ఒకతె గావాలె గద."

త్రివేణి ముఖం ఎర్రబడింది. ఆటంటే తెలియనిదానివి ఆట గురించి మాట్లాడకు అన్నది. అవ్వతో ఆ ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు. గుర్వమ్మ పీట మీద నుంచి లేచింది.

"తెల్వదా నాకు? ఆ బిక్షమ్మ టీవీల అంతా చూసిన. అందరు తెల్లంగీలు ఏసుకున్నరు, నీ ఒక్కదానికే ఎర్రది. వాళ్లు ఎగిరెగిరి కొడ్తుంటే నువ్వు ఎనక వంగి నిలవడ్డవు. జర ముందరికొచ్చే యాళ్లకు నిన్ను బయటికి తోలిండ్రు. మల్ల పిలిచిండ్రు, మల్ల తోలిండ్రు. మందల ఒక్కదానికి ఎర్ర రంగు ఎందుకు పెడ్తరో నాకు చెప్తవా? పెండ్లయి ఈ ఇంటికొచ్చినకాడి నుంచి ఆ రంగు పెడ్తున్నదాన్ని నేను." ఆమె బొడ్లోని తాళంచెవి మీద చెయ్యి వేసుకుంది. "తినేటప్పుడన్న నోరు మూసుకోని ఆ బిక్షమ్మ అందరి ముందట అడిగె, మీ పొల్లకొక్కదానికే రంగు పెట్టిండ్రేంది గుర్వక్కా అని. గది జరిగిన నాలుగొద్దులకే ఈ ఇంటికి తోలిచ్చిండ్రు నిన్ను. వద్దనుకొని పక్కకు దీసిన కాడికి నా పిల్లను నా చేతులతోని మల్ల బస్సెక్కించాల్నా?"

త్రివేణి దగ్గర ఇంకా చాలా కోపం మిగిలి ఉండింది. అదంతా ఎటు పోయిందో తెలియలేదు. ఈ నెల రోజులూ ముసల్ది తిట్టింది ఆటను కాదు, మనవరాలిని పనికిరానిదాన్ని చేశారనుకుని ఆ జట్టును. ఆ అవమానం నమలలేక మింగలేక ఇంట్లోవాళ్ల మీద ఉమ్మింది. త్రివేణి కింద కూర్చొని మెల్లగా చెప్పింది.

"ఆ అంగి ఏసుకునేదాన్ని లిబెరో అంటరు అవ్వా. అవతలోళ్లు కొట్టిన బంతి నేల మీద పడకుండ లేపేది నా పని. నేను లేపితెనే మావోళ్లు ఎగిరి కొడ్తరు. ఎవర్ని అడగకుండ లోపలికి బయటికి పోతుంట, గందుకే దూరంకెళ్లి కనపడాలని వేరే రంగు."

గుర్వమ్మ పెదవి విరిచింది. గొర్రెను అమ్మేటప్పుడు బేపారి కూడా తియ్యగానే మాట్లాడుతాడన్నది. సందుగ తెరిచి, సంచీలో ఉన్న బంతిని తీసి, మళ్లీ తాళం వేసి వాకిట్లోకి నడిచింది.

"నేను ఇసురుత. నేల మీద పడ్డదా, ఇక్కడ్నే ఉంటవు."

"పడకపోతే?"

"చూద్దాం ముందు."

ముసల్ది న్యాయంగా ఆడే మనిషి కాదు. కుడివైపు చూస్తూ ఎడమవైపు విసిరింది. కుడితి తొట్టి వెనక్కి విసిరింది. కళ్లలో ఎండ కొట్టేలా పైకి విసిరింది. గొర్రెలకు రాళ్లు విసిరి విసిరి పండిన చేయి అది. త్రివేణి వంగింది, పరుగెత్తింది, రెండు ముంజేతులూ జోడించి బంతిని ప్రతిసారీ లేపింది. పర్వతాలు మందను మరిచి నోరు తెరిచి చూస్తున్నాడు, వాడు నోరు తెరవడం కొత్తేమీ కాదు. చివరికి గుర్వమ్మకు నిజంగానే కోపం వచ్చింది. ఉన్న బలమంతా పెట్టి కంచె మొదట్లోకి, ఎవరికీ అందని చోటికి కొట్టింది. త్రివేణి బొక్కబోర్లా నేల మీద పడి జారింది. బంతికీ నేలకూ మధ్య ఆమె అరచెయ్యి పరిచినట్టు పడింది. బంతి చెయ్యి మీద నుంచి లేచి, నేరుగా వచ్చి గుర్వమ్మ రొమ్ముకు తగిలింది. ఆమె రెండు చేతులా పట్టుకుంది.

త్రివేణి లేచేసరికి మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. గుర్వమ్మ బంతిని వదిలేసి, చేతికందిన గుడ్డతో తుడవబోయి ఆగింది. అది జాజు పేలిక. దాన్ని దూరంగా విసిరికొట్టి తన చీర చెంగుతో అదిమింది. అదుముతూ ఏడ్చింది. ఆమె ఏడవగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"మందల వేరే రంగు రెండిటికి ఉంటది బిడ్డా," అన్నది. "జాజు పెట్టినదానికొకటి, గొంగడి కప్పుకున్న కాపరికొకటి. నేను మొదటిదాన్నే చూసిన. పాడు కండ్లు."

బొడ్లోని తాళంచెవి తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

తర్వాతి ఆట రోజు గుర్వమ్మ అందరికన్నా ముందే బిక్షమ్మ ఇంటికి పోయి, పిలవకుండానే టీవీ ముందు కూర్చుంది. ఎర్ర అంగి కనపడగానే, ఇంకా ఆ రంగులనే ఉంచిండ్రా అని బిక్షమ్మ సాగదీసింది.

"నీ ఇంట్ల టీవీ ఉన్నది గని చూసే కండ్లు లేవు," అన్నది గుర్వమ్మ, తల తిప్పకుండా. "బంతి మా పొల్ల లేపితెనే తక్కినోళ్లు ఎగురుతరు. నోరు మూసుకొని ఆ ఎర్రంగిని చూడు, నేర్చుకుంటవు."

అంతలో తెర మీద త్రివేణి బొక్కబోర్లా పడింది. బంతి లేచింది, వాడకట్టంతా చప్పట్లు కొట్టింది. గుర్వమ్మ కొట్టలేదు. ఆమె చేయి తన మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది.