యాడికని అడిగినవాడు

అంబుజ గడప దాటి కుడికాలు వీధిలో పెట్టిందో లేదో, ఎదురింటి అరుగు మీద పళ్ళు తోముకుంటున్న మనిషి నోట్లోంచి వేపపుల్ల తీసి మరీ అడిగాడు.

"యాడికమ్మా, ఇంత పొద్దున్నే?"

అంతే. లోపల్నుంచి మీనాక్షమ్మ "అయ్యయ్యో" అంటూ వచ్చి కూతుర్ని వెనక్కి లాగింది. శుభమా అని బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని చింతామణిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అడిగితే ఆ పని కాదు. వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి.

అంబుజ కూర్చుంది. నీళ్ళు తాగింది. ఈలోగా బాగేపల్లి బస్సు వెళ్ళిపోయింది.

"మీకు నోరు ఊరుకోదా?" మళ్ళీ వీధిలోకి వచ్చి నిలదీసింది.

"పొరపాటయిందమ్మా. ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు చూసి, ఇంటర్వ్యూకేమో అని..."

"ఇంటర్వ్యూకే! ఇప్పుడు మీరే పోండి దానికి."

తుంపర మొదలైంది. అతను వేపపుల్ల పట్టుకుని తడుస్తూ అక్కడే నిలబడిపోయాడు.

అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. తండ్రి పోయాక అంబుజ, తల్లితో కదిరి వదిలి, రాష్ట్రం దాటి, కర్ణాటకలోని చింతామణిలో మేనమామ శ్రీరామయ్య ఇంటికి చేరింది. మామ బెల్లం వ్యాపారి, మంచివాడు. ఆయన భార్య కన్యకమ్మ కూడా చెడ్డదేం కాదు. కాకపోతే అన్నం వడ్డించేటప్పుడు నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు విన్నాక మీనాక్షమ్మకు ముద్ద దిగేది కాదు. బీయెస్సీ బీయెడ్ చదివిన కూతురికి టీచరుద్యోగం వస్తే తప్ప తమకంటూ ఒక గది, ఒక పొయ్యి ఉండవు.

తర్వాతి బస్సులో వెళ్ళింది. బాగేపల్లి హైస్కూలు సెక్రటరీ మునిశామప్ప ఆలస్యం గురించి ఒక్క మాటా అనలేదు. సర్టిఫికెట్లు చూసి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, "కన్నడ బర్తదా తల్లీ, వచ్చునా?" అన్నాడు.

అంబుజ బిత్తరపోయింది. కండక్టరుది తెలుగు, హోటల్లో తెలుగు, ఈ పెద్దమనిషిదీ తెలుగే. ఇంక కన్నడ ఎందుకులే అనుకునే వచ్చింది.

"ఇండ్లల్లో అంతా తెలుగే మాట్లాడతాము. బళ్ళో లెక్కలు మాత్రం కన్నడలోనే చెప్పల్ల కదమ్మా. నేర్చుకోని రా. వచ్చే యేడు ఇంకో పోస్టు ఖాళీ అయితాది."

ఇంటికొచ్చి ఉద్యోగం రాలేదని మాత్రం చెప్పింది. "వాని నోరు పడిపోను! వాడు అడిగినందుకే" అంది తల్లి. అంబుజ కాదనలేదు. తన తెలివితక్కువతనాన్ని ఒప్పుకోవడం కంటే ఎదురింటివాణ్ణి తిట్టుకోవడం తేలిక.

ఆ ఎదురింటివాడు ముద్దుకృష్ణ. బట్లహళ్ళి కోమట్ల అబ్బాయి, ఊళ్ళో హైస్కూల్లో టెంపరరీ కన్నడ మేష్ట్రు. ఆ తిట్లు విని, సాయంత్రం తల వంచుకుని మామ దగ్గరికొచ్చాడు.

"నా వల్లనే పోయిందండీ. ఆయమ్మకు కన్నడ నేర్పిస్తాను. ఆ పాపం అట్లన్నా పోతాది."

అలా రోజూ సాయంత్రం వరండాలో పాఠం. పక్కనే బియ్యం చెరుగుతూ కన్యకమ్మ కాపలా.

"మీ అక్షరం బాగుండాది. మాటే కొంచెం కారం."

"కారమైతే మానేయండి మేష్ట్రూ."

"మానితే పాపం యెట్ల తీరుతాది?"

"ఇంకా ఎన్నాళ్ళు పడతాదంట?"

"అది పాపం సైజును బట్టి ఉంటాది."

కన్యకమ్మ చేట చప్పుడు పెంచేది. ఇద్దరూ గబగబా పుస్తకంలోకి తల దూర్చేవాళ్ళు.

అతను పాపం అన్నప్పుడల్లా అంబుజకు లోపల ముల్లు గుచ్చుకునేది. రేపు నిజం చెప్పేస్తాను అనుకునేది. చెప్పేస్తే అతనికి ఈ వరండా ఎక్కే పని ఉండదు కదా అని భయమేసి, మళ్ళీ ఒత్తులు దిద్దుకునేది.

మరుసటేడు జూన్‌లో బాగేపల్లి నుంచి మళ్ళీ ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. అదే వారం ముద్దుకృష్ణకు పర్మనెంటు పోస్టింగు వచ్చింది. బీదరులో. రాష్ట్రానికి ఆ కొస. ఆ మాట అతను మామకు చెప్పాడు కానీ, ఆమెకు చెప్పలేదు. గోడ ఇవతల నుంచి విన్న అంబుజ ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వాన. ఎదురింటి అరుగు మీద ట్రంకుపెట్టె. ఆమె గడప దాటడం చూసి ముద్దుకృష్ణ చటుక్కున గోడవైపు తిరిగి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

అంబుజ నవ్వలేకపోయింది. వీధి దాటి అరుగు దగ్గరికే వెళ్ళింది.

"అడగరా మేష్ట్రూ?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీరు అడిగినందుకు పోలేదు ఆ ఉద్యోగం. నాకు కన్నడ రాక పోయింది. ఆ పొద్దే తెలుసు నాకు."

తువ్వాలు జారిపోయింది. "మరి యాడాది పొడుగునా ఆ పాపం నాతో మోయిస్తివే?"

"చెప్తే మీరు రారని."

అతను ఆమెను చూశాడు. పెట్టె ఎత్తుకున్నాడు. "బెంగళూరు బస్సుకు టైమైతాంది" అని వీధిలోకి అడుగు పెట్టాడు.

"యాడికి?" వీధంతా వినపడేలా అరిచింది అంబుజ.

అతను ఆగిపోయాడు. "ఏమడిగితివి?"

"యాడికి పోతాండారని అడిగినాను. వెనక్కి రండి. కూర్చోండి. నీళ్ళు తాగండి."

"తాగి?"

"నేనొచ్చేదాకా లేయొద్దండి."

బాగేపల్లిలో బోర్డు ముందు నిలబడి భిన్నాలు కన్నడలో చెప్పింది. ఒక్కచోటా తడబడలేదు. "సోమవారం నుంచి రామ్మా" అన్నాడు మునిశామప్ప. సంతోషించాల్సిన మనిషి, తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి దిగులుగా కూర్చుంది. పర్మనెంటు ఉద్యోగం పెట్టుకుని ఏ మగవాడు ఒక ఆడపిల్ల మాటకు అరుగు మీద కూర్చుంటాడు?

వీధి మలుపు తిరిగి, తలెత్తి చూసింది.

ముద్దుకృష్ణ అరుగు మీదే ఉన్నాడు. పక్కన ట్రంకుపెట్టె, ఖాళీ చెంబు. మీనాక్షమ్మ మరో చెంబుతో నీళ్ళు తెచ్చి పెడుతోంది.

"పొద్దున్నించి లేయలేదే ఈ అబ్బాయి. అన్నం కూడా ఈడనే పెట్టినాను" అంది.

"వచ్చిందా?" అన్నాడతను.

"వచ్చింది."

"ఇంక లేయొచ్చా?"

"లేయండి. రేపు బీదరుకు పోండి. మళ్ళా అడగను. అడిగేదానికి నేనెవరిని?" అంది అంబుజ.

మీనాక్షమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "బట్లహళ్ళి నుంచి మీ నాయనను ఒకసారి రమ్మని చెప్పప్పా" అంది మెల్లిగా. "ఈ పిల్ల నీకు ఎవరనేది మేము మాట్లాడుకుంటాము."

మర్నాడూ వానే. ముద్దుకృష్ణ పెట్టె ఎత్తుకుని వీధిలోకి దిగాడు. గడపలో నిలబడ్డ అంబుజ, యాడికనే మాట బయటికి రాకుండా, తన నోటి మీద కొంగు గట్టిగా అదిమిపెట్టుకుంది.

అతను కొంతదూరం వెళ్ళి, ఎవరూ అడక్కుండానే వెనక్కి తిరిగాడు.

"బీదరుకు పోతాండాను" అన్నాడు. "దసరాకు ఈడికే వస్తాను."