అటక మీద పొడి చీపురు

మా ఊళ్లో ఇల్లు ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. సీసం గనుల ఊరు మాది. గాలి కొడితే గని గుట్ట మీది బూడిదరంగు దుమ్ము కిటికీల మీదికి, అక్కణ్నుంచి పిల్లల వేళ్లకి, వేళ్లనుంచి నోట్లోకి పోతుంది. చీపురు పట్టామంటే నేల మీదున్న విషాన్ని లేపి పిల్ల ముక్కులో పెట్టినట్టే. ఈ సంగతి ఆరోగ్య కేంద్రంలో నర్సు మూడేళ్లుగా చెబుతూ వచ్చింది, నేను మూడేళ్లుగా తుడుస్తూ వచ్చాను. ఇంట్లో చీపురన్నదే లేదు. మా ఆయన డారిల్ గనినుంచి రాగానే పెరట్లోనే బట్టలు విప్పించి, తల కడిగించి మరీ లోపలికి రానిచ్చేదాన్ని. "నీకంటే మా ఫోర్‌మన్ నయమే నోలీన్" అని సణిగేవాడు పాపం.

ఇంత చేసినా మా కేరిన్ రక్తంలో సీసం పెరుగుతూనే వచ్చింది. దానికి నాలుగేళ్లు. పది దాటకూడదన్నారు. మార్చిలో ఇరవై రెండు ఉంది, ఆగస్టులో ముప్ఫై ఒకటి. అంకె సంగతి అలా ఉంచండి, నన్ను చంపింది మాటలు. పిల్లిని ఏమంటారో మర్చిపోయింది. తర్వాత చెప్పు, కప్పు, చందమామ. వేలు చూపించి నా మొహంలోకి చూసేది, ఆ మాట నేనెక్కడో దాచేసినట్టు. నవంబరులో మళ్లీ పరీక్ష. నలభై దాటితే పెద్దాసుపత్రిలో చేర్చాలని, పోయిన మాటలు తిరిగొస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేరని నర్సు చెప్పింది.

నేను మరింత గట్టిగా తుడిచాను. పక్కింటి థోరా పెద్దమ్మ కంచె మీద మోచేతులు ఆనించి చూసేది. ఆవిడకి ఎనభై రెండేళ్లు.

"నువ్వలా తుడిస్తే నేలకి జలుబు చేస్తుందే పిల్లా."

"నర్సు చెప్పింది పెద్దమ్మా."

"ఆ నర్సు పుట్టకముందునుంచీ ఉన్నాం మేం ఇక్కడ. మా అమ్మ, మా అత్త, అందరూ చీపురేసి ఊడ్చినవాళ్లే. బతకలేదూ?" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆపేసి, మా ఇంటి కప్పు వంక ఓసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం మూడింటికి, పడమట దుమ్ము గోడ లేచింది. డారిల్ గనిలో ఉన్నాడు. దుమ్ము తుఫాను వస్తే ఏం చెయ్యాలో మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. కిటికీలు బిగించాను. తలుపుల కింద తడి తువ్వాళ్లు కుక్కాను, పొగగొట్టంలో పాత పేపర్లు దూర్చాను. కప్పు మీది దుమ్ము తాగే నీళ్లలో కలవకుండా వానతొట్టి గొట్టం ఊడదీశాను. కిటికీలకి దూరంగా, మధ్య గదిలో మూలకి కేరిన్ మంచం లాగి దాన్ని పడుకోబెట్టాను. ఒక్క రేణువు కూడా లోపలికి రాదని ధీమాగా ఉన్నాను.

బయట వెలుతురు ఎర్రబడింది, గోధుమరంగయింది, తర్వాత పూర్తిగా పోయింది. కరెంటు పోయింది. పట్టపగలు నా చెయ్యి నాకు కనపడలేదు. తడి తువ్వాళ్ల వాసన, తుప్పు వాసన, ఏదో నాలుక మీద తీపిగా అంటుకునే వాసన. కప్పు మీది రేకులు దడదడలాడాయి. చాలాసేపటికి గాలి కొంచెం తగ్గింది.

అప్పుడు వినిపించింది.

స్‌ర్‌ర్... స్‌ర్‌ర్...

తల పైన. రేకులకీ చెక్క సీలింగుకీ మధ్య మా ఇంట్లో మోకాళ్ల మీద పాకేంత అటక ఉంది. మేం వచ్చాక అక్కడికి ఎవరూ ఎక్కాల్సిన పని పడలేదు. ఎలుకలనుకున్నాను. కానీ ఎలుకలు గోడ దాకా వెళ్లి ఆగవు. టక్, టక్ అని పలక మీద దులిపి వెనక్కి తిరగవు. ఆ చప్పుడు నాకు తెలుసు. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే విన్న చప్పుడే. మా అమ్మ చీపురు చప్పుడు అలాగే ఉండేది.

టార్చి వేశాను.

పలకల సందులోంచి సన్నగా, దారంలా, బూడిదరంగు దుమ్ము జారుతోంది... ఆగకుండా... సరిగ్గా కేరిన్ దిండు మీదికి. పిల్ల నోరు తెరుచుకుని పైకి చూస్తోంది.

"ఊడుస్తోంది" అంది. మూడు వారాల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట.

"ఎవరు తల్లీ?"

"అమ్మ."

"అమ్మని నేను కదా..."

కాదన్నట్టు తలూపి పైకి చూపించింది.

మంచం ఈడ్చాను. గది ఆ చివరికి. పైన చీపురు కూడా ఆ చివరికి వచ్చింది. పిల్లని ఎత్తుకుని వంటగదిలోకి పరిగెత్తాను. అడుగుల చప్పుడు లేదు. చీపురు మాత్రం వచ్చింది. మేం ఎక్కడుంటే అక్కడే, శ్రద్ధగా, మూలమూలా వదలకుండా... మా నెత్తిన దుమ్ము రాలుతూనే ఉంది. ఈ ఇంటికి ఊపిరాడకుండా బిగించి, బయటిదాన్ని ఆపి, లోపల ఉన్నదానితో పిల్లని పెట్టి తలుపేసింది నేనే.

కుర్చీ ఎక్కాను. పలకల సందుకి నోరు ఆనించాను.

"మీరెవరైనా సరే... దణ్ణం పెడతాను... పొడిగా ఊడవకండి. నా పిల్ల మీద పడుతోంది."

చీపురు ఆగింది.

సందులోంచి ఊపిరి నా పెదాలకి తగిలింది. సబ్బు వాసన. అలిసిపోయిన ఆడగొంతు, మెత్తగా...

"ఇంకొంచెమే... అయిపోవచ్చింది. పిల్లకి ఒంట్లో బాలేదు కదా... ఇల్లు శుభ్రంగా ఉండాలి."

మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా వేగంగా.

నాకు కోపం రాలేదు. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. ఆవిడ చోట నేనుంటే నేనూ అదే చేస్తాను.

కేరిన్‌ని తడి దుప్పట్లో చుట్టి ఆ తుఫానులోకే పరిగెత్తాను. థోరా పెద్దమ్మ తలుపు తీసింది. నా జుట్టు వంక చూసింది, అది తుఫాను ఎర్రమట్టి కాదని ఆవిడకి తెలిసిపోయింది.

"ఐవీ ఊడుస్తోందా?" అంది చిన్నగా.

పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో మా ఇంట్లో ఉన్న మనిషట. ఐదేళ్ల కూతురికి మూర్ఛలొచ్చాయి. ఇల్లు శుభ్రంగా ఉంచమని డాక్టరు చెప్పాడు. తడిగుడ్డ సంగతి అప్పుడెవరికీ తెలియదు. ఐవీ పగలూ రాత్రీ చీపురు దించలేదు. చివరికి అటక కూడా ఎక్కింది. పిల్ల పోయిందని చెప్పడానికి వెళితే, ఇంకొంచెమే మిగిలింది, దిగనని అందట.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"చెప్తే ఏం చేసేదానివి? ఇంకా గట్టిగా తుడిచేదానివి."

సోమవారం పరీక్షలో నలభై నాలుగు వచ్చింది. పెద్దాసుపత్రి, మందులు, సూదులు. డారిల్ పని మానేశాడు. గిన్నెలు, బట్టలు, బొమ్మలు అన్నీ అక్కడే వదిలేసి వందల మైళ్ల దూరంలో సముద్రం పక్కన కొత్తగా కట్టిన ఇటుకల ఇంట్లో చేరాం. అంకె దిగింది. ముప్ఫై, ఇరవై ఒకటి, పద్నాలుగు. ఒకరోజు గోడ మీద దేన్నో చూసి "పిల్లి" అంది. ఆ రోజు గిన్నెలు కడిగే చోట నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఒక్కొక్క మాటే తిరిగొచ్చింది.

మే నెలలో మళ్లీ ఇరవై ఆరు.

ఈ ఊరి నర్సు ఇంటికొచ్చింది. తెల్లటి గుడ్డముక్కలతో కిటికీలు, నేల, ఆటవస్తువులు తుడిచి చూసింది. గోడల రంగు గీకింది. నీళ్లు పట్టింది. మట్టి తవ్వింది. వారం తర్వాత వచ్చి, ఇంట్లో ఎక్కడా సీసం లేదంది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"మీ చేతులోసారి ఇలా ఇవ్వండి."

గుడ్డ నల్లబడింది. సబ్బుతో కడుక్కురమ్మంది. కడుక్కొచ్చాను. రెండో గుడ్డా నల్లబడింది. మూడోదీ అంతే.

"మీరు గనిలో పనిచేస్తారా?"

"లేదండీ."

"మరి ఈ కాయలేంటి?" అంది, నా కుడి అరచెయ్యి తిప్పి చూస్తూ. వేళ్ల మొదళ్లలో, బొటనవేలి పక్కన, చీపురు పట్టే చోట, చర్మం గట్టిపడి ఉంది. అవి ఎప్పుడు కాశాయో నాకు తెలియదు.

ఇప్పుడు పిల్లకి తిండి పెట్టేది, స్నానం చేయించేది డారిలే. నేను దాన్ని ముట్టుకోను. గంటకోసారి చేతులు కడుక్కుంటాను. నిన్న మధ్యాహ్నం దువ్వెన పట్టుకుని వచ్చింది.

"అమ్మా, జడ వెయ్యి."

"నాన్నని అడుగమ్మా."

"నాన్నకి రాదు. నువ్వే వెయ్యి."

ఆపేలోపే నా ఒళ్లో తల పెట్టేసింది. తగలకూడదని చేతులు రెండూ గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. కడుక్కుని ఐదు నిమిషాలు కూడా కాలేదు. అయినా నా వేళ్ల సందుల్లోంచి, దాని జుట్టు మీదికి, సన్నగా... బూడిదరంగు దుమ్ము జారుతోంది.