ఆకుపచ్చ చీటీ మీద సంతకం

జనవరిలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోతే కెనడాలోని విన్నిపెగ్ ఉత్తర వాడ జనం ముందు ఓరీస్యాకి ఫోన్ చేస్తారు, ఆ తర్వాతే దేవుణ్ణి తలుచుకుంటారు. ఆ వాడలో ఇది పాత పరాచికం. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్నప్పుడు ఇంటి కింది గదిలో ఆ ఇనప పెట్టె వెలగకపోతే, సాయంత్రానికి కుళాయిల్లో నీళ్ళు గడ్డకడతాయి, తెల్లారేసరికి మనుషుల వంతు వస్తుంది. అందుకని ఓరీస్యా డుబిక్ వ్యాను ఏ వీధి మలుపు తిరిగినా జనం కిటికీ తెరలు తీసి మరీ చెయ్యి ఊపేవాళ్ళు.

ఆమెకి నలభై ఒకటి. పంతొమ్మిదో ఏట తండ్రి పోతే, ఆయన స్నేహితుడు ఓస్టాప్ మేల్నిక్ ఆమెని తన వ్యాను ఎక్కించుకుని పని నేర్పాడు. గొట్టం బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం, పొగ గొట్టంలో పిచ్చుక గూడు ఉందేమో వెతకటం, మంట రంగు చూసి పెట్టె ఆరోగ్యం చెప్పటం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే.

"మంట నీలంగా నిలబడితే కొంపకి క్షేమం. పసుపు తిరిగి ఊగిందా, ముందు గ్యాస్ కట్టెయ్, తర్వాత నోరు తెరువు" అనేవాడు.

ఓరీస్యా ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. రక్తసంబంధం కాదు, కానీ అంతకన్నా ఎక్కువే. ఆదివారం మధ్యాహ్నం భోజనం ఆయన ఇంట్లోనే. బంగాళదుంప కూరి ఉడకబెట్టిన కజ్జికాయల్లాంటి వాటి మీద వేయించిన ఉల్లిపాయలు పోసి, ఇంకో రెండు వేసుకో అంటూ పళ్ళెం నింపేవాడు. రెండేళ్ళ కిందట దుకాణం తాళాలు ఆమె చేతిలో పెట్టి విశ్రాంతి తీసుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం కార్లీన్ అనే ఆవిడ దుకాణానికి వచ్చింది. వాళ్ళ నాన్న బరబాష్ పోయాడు. ఆయన అద్దెకిచ్చుకున్న ఇల్లొకటి అమ్మకానికి పెట్టింది.

"కొనేవాళ్ళు ఫర్నేస్ సంగతి అడుగుతున్నారండీ. ఇల్లు ఖాళీ. గ్యాస్ కంపెనీ వాళ్ళు శరదృతువులోనే మీటరు ఊడదీసుకుపోయారు. మీరు ఊరికే చూసి, పెట్టె కొత్తదేనని ఓ కాగితం రాసిస్తే చాలు. నేను అయిదింటికల్లా అక్కడికి వస్తాను" అని తాళంచెవి ఇచ్చింది.

చిరునామా చూడగానే ఓరీస్యాకి ఆ ఇల్లు గుర్తొచ్చింది. అయిదు చలికాలాల కింద అక్కడ లిగాయా అనే ఫిలిప్పీన్స్ పిల్ల అద్దెకుండేది. ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పని. ఓరీస్యా ఏటా చేసే తనిఖీకి వెళ్తే, "అక్కా, చేతులు కొంకర్లు పోతున్నాయి, ముందు ఇది తాగండి" అని అల్లం దట్టించిన కోడి జావ గిన్నె చేతిలో పెట్టింది. పది నిమిషాల తర్వాత ఓరీస్యా ఆ పిల్ల ఫర్నేస్‌ని ఆపేయాల్సొచ్చింది. పంకా తిరగటం మొదలవగానే నీలంగా ఉన్న మంట పసుపు తిరిగి పాములా ఊగింది. అంటే మంటకీ ఇంట్లోకి వెళ్ళే గాలికీ మధ్య ఉండే ఇనప గోడ పగిలిందన్నమాట. రంగూ వాసనా లేని విషం ఆ సందులోంచి ఇల్లంతా పాకుతుంది. ఓరీస్యా గ్యాస్ కట్టేసి, గొట్టానికి మూత బిగించి, వాడకూడదని ఎర్ర చీటీ వేలాడదీసింది. కొత్త పెట్టె వచ్చేదాకా స్నేహితురాలింట్లో ఉండమని లిగాయాకి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మర్నాడే ఓరీస్యా తల్లికి ఆపరేషన్. వారం రోజులు ఊళ్ళో లేదు. తిరిగొచ్చి అడిగితే ఓస్టాప్, "అది నేను చూసుకున్నాలే అమ్మాయ్. కొత్తది పెట్టేశాను. ఆ పిల్ల కూడా ఇల్లు మారినట్టుంది" అన్నాడు. బాబాయ్ చూసుకున్నానంటే ఇంక అడిగేదేముంది?

మూడున్నరకి ఓరీస్యా ఆ ఇల్లు చేరింది. ఎండ అప్పటికే పాలిపోయి ఉంది. ఇంటి పక్క గోడ దగ్గర గ్యాస్ గొట్టం చూసింది. మీటరు లేదు, మూత బిగించి ఉంది, మూత మీద మంచు పేరుకుని ఉంది. లోపల ఖాళీ గదులు. అడుగు వేస్తే చెక్క నేల మూలిగింది. ఎక్కడో తడిసిన అట్టపెట్టెల వాసన. నేలలో అక్కడక్కడా వేడిగాలి వచ్చే ఇనప జాలీలు, వాటి కింద చీకటి.

కింది గదికి దిగి దీపం వేసింది.

మూల నిలబడి ఉన్నది కొత్త పెట్టె కాదు. అదే. ఎడమ వైపు సొట్ట కూడా అదే. ఆమె తన చేత్తో బిగించిన మూత లేదు, గొట్టం మళ్ళీ కలిపి ఉంది. ఎర్ర చీటీ ఉండాల్సిన చోట ఆకుపచ్చ చీటీ వేలాడుతోంది. 'పరీక్షించాను, వాడుకోవచ్చు' అని రాసి ఉంది. తారీకు ఆమె ఆపేసిన రెండో రోజుది.

కింద సంతకం... ఓరీస్యా డుబిక్.

ఆమె సంతకం కాదది. కానీ పేరులో మొదటి అక్షరానికి అలా పైకి తోక పెట్టే చెయ్యి ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ చేతిరాతలోనే పని చీటీలు అందుకుంది.

ఓరీస్యా చీటీ తెంపి జేబులో పెట్టుకుని, మెట్ల మీద కూలబడి ఫోన్ చేసింది.

"బాబాయ్, నేను లిగాయా ఇంట్లో ఉన్నాను."

"ఏ లిగాయా?"

"నాకు జావ పెట్టిన పిల్ల. ఫర్నేస్ మార్చానన్నావు కదా. పాతదే ఉందేం?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "అమ్మాయ్... మార్చాలనే అనుకున్నాను. బరబాష్ వసంతం దాకా ఆగుదామన్నాడు. పాతికేళ్ళు కలిసి పేకాడినవాణ్ణి కాదనలేకపోయాను. చిన్న పగులేగా అనుకున్నా."

"నా పేరెందుకు రాశావు?"

"ఎర్ర చీటీ పెట్టింది నువ్వు. తీసింది కూడా నువ్వే అయితే ఎవరూ ప్రశ్నించరని..."

"ఆ పిల్ల ఇల్లు మారిందన్నావు!"

 ఓస్టాప్ గొంతు బాగా తగ్గించి అన్నాడు. "పోయిందమ్మా. ఆ ఫిబ్రవరిలో. పెరట్లో, మంచులో దొరికింది. కోటు కూడా లేదు. తాగి బయటికొచ్చి పడిపోయిందని రాసుకున్నారు."

"లిగాయా తాగదు."

"నాకు తెలుసు" అన్నాడు ఓస్టాప్.

 ఇన్నేళ్ళ ఆదివారాలూ, ఆ పళ్ళేలూ, ఆ ఇంకో రెండు వేసుకో అనటాలూ ఓరీస్యా కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. అన్నిట్లోనూ ఆయనకి తెలుసు. తెలిసే వడ్డించాడు.

"అమ్మాయ్" ఓస్టాప్ గుసగుసగా అన్నాడు, "నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరో దగ్గుతున్నారు... నీ వెనకే..."

ఫోన్ ఆగిపోయింది.

ఆమె వెనక, పెట్టెలో టక్‌మని ఏదో కదిలింది. తర్వాత పంకా మెల్లగా తిరగటం మొదలెట్టింది.

ఓరీస్యా లేచి చూసింది. గోడకున్న ఫర్నేస్ మీట ఆపేసే ఉంది. పెట్టెకి కరెంటు లేదు. గ్యాస్ లేదు. కానీ పెట్టెకున్న చిన్న గాజు కంతలో వెలుతురు... నీలం వెలుతురు. చూస్తుండగానే అది పసుపు తిరిగింది. ఊగింది.

కోటుకి తగిలించుకున్న విషవాయువు కొలిచే యంత్రం కూసింది. ముప్పై అయిదు. డెబ్భై.

పైనున్న రేకు గొట్టాల్లో గాలి పరుగెడుతోంది. వెచ్చటి గాలి. అందులో అల్లం వాసన. ఆ గాలితో పాటు ఒక గొంతు, ఇల్లంతా తిరిగి అలిసిపోయి వచ్చినట్టు...

"అక్కా... బాగుందన్నారు కదా..."

నూట నలభై.

"నేను అనలేదు" ఓరీస్యా గుసగుసలాడింది. "నేను కాదు లిగాయా. నేను ఆపేసి వెళ్ళాను."

"చీటీ మీద మీ పేరే ఉంది కదా అక్కా... మీ పేరు చూసే ధైర్యంగా పడుకున్నాను..."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

మూడు వందలు. తల పగిలిపోతోంది. ఈ లక్షణాలన్నీ ఓరీస్యా ఎంతమందికి వల్లించిందో. తలనొప్పి, వాంతి, తాగినవాళ్ళలా మతి తప్పటం. బయటికి పో, బయటికి పో అని తనకి తనే చెప్పుకుంది. కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. చేతులు ఊతగా మెట్లెక్కింది. పైన తలుపు గుబ్బ పట్టుకుంది. పట్టుకుని... అలాగే ఉండిపోయింది. గుబ్బని ఏం చెయ్యాలో గుర్తు రాలేదు. తిప్పాలా? లాగాలా? దీన్నేమంటారు?

వెనక మెట్ల మీద వట్టి కాళ్ళ చప్పుడు. ఒక మెట్టు. ఇంకో మెట్టు. దగ్గు.

చల్లటి చెయ్యి ఒకటి ఆమె చేతి మీద పడి, గుబ్బని మెల్లగా తిప్పింది.

"రండక్కా... బయట బాగుంటుంది..."

తర్వాత ఓరీస్యాకి తెలిసింది మంచు మాత్రమే. పెరట్లో ఉంది. చీకటి పడుతోంది. చలి ముదిరితే ఒంటికి తోచే దొంగ వేడి, ఒళ్ళంతా మండిపోతోంది. కోటు ఎప్పుడు విప్పేసిందో తెలియదు. ముందు మంచులో చిన్న పాదాల గుర్తులు, కంచె దాకా. వెళ్ళినవే ఉన్నాయి, తిరిగొచ్చినవి లేవు. వాటిలోనే అడుగులు వేసుకుంటూ నడిచింది. కంచె దగ్గర గుర్తులు ఆగిపోయాయి. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంత హాయిగా ఉందో... కాసేపు పడుకుంటే...

"ఓరీస్యాగారూ! అయ్యో, ఇదేంటండీ!"

కార్లీన్ పావుగంట ముందే రావటం ఓరీస్యా అదృష్టం.

ఆస్పత్రిలో డాక్టరు రక్తం పరీక్ష చేసి, ఒంట్లో విషవాయువు నిండా ఉందన్నాడు. అగ్నిమాపక దళం వాళ్ళు వెళ్ళి చూస్తే పెట్టె మంచుగడ్డలా ఉంది. గాజు కంత మీద సాలెపట్టు చెక్కుచెదరలేదు. బహుశా మీ వ్యాను పొగ పీల్చారేమో అన్నారు. ఓరీస్యా వాదించలేదు.

మూడో రోజు ఓస్టాప్ వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ చీటీ నాకిచ్చెయ్యి తల్లీ. పోయినపిల్ల తిరిగి రాదు. నాకు అరవై తొమ్మిదేళ్ళు. మీ నాన్న పోయినప్పుడు నీ వెనక నిలబడింది ఎవరో గుర్తు చేసుకో."

"గుర్తుంది బాబాయ్. నువ్వే నిలబడ్డావు. అంత దగ్గరగా నిలబడ్డావు కాబట్టే నా సంతకం నీకు వచ్చింది."

"నిన్ను నా కూతురనే అనుకున్నాను."

"కూతురి పేరే దొరికిందా నీకు?"

ఆయన ఏడ్చాడు. ఆమెకి ఏడుపు రాలేదు. తలుపు దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగి, "ఫోన్లో నేను విన్నది... ఆ పిల్ల దగ్గేనా?" అని అడిగాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికి రాగానే ఓరీస్యా చేసిన మొదటి పని గ్యాస్ తనిఖీ అధికారి ఇంగ్వార్ దగ్గరికి వెళ్ళటం. చీటీ ఇచ్చింది. జరిగినదంతా, గొంతూ అడుగులూ తప్ప, చెప్పింది. దుకాణం నుంచి ఆ ఇంటికి పన్నెండు నిమిషాల దూరమని, అయిదేళ్ళలో ఒక్కసారి వెళ్ళి చూడలేదని, ఆ తప్పు మాత్రం తనదేనని కూడా రాయించింది. లిగాయా తాగి చనిపోలేదని పాత కాగితాల్లో దిద్దించేదాకా వాళ్ళని వదల్లేదు. ఆ దిద్దిన కాగితం నకలు మనీలాలో ఉన్న లిగాయా తల్లికి పంపించింది. ఓస్టాప్ మీద కేసు నడిచింది. ఆదివారాలు ఓరీస్యా ఒంటరిగా తింటుంది. ఎవరింట్లో ఏ పళ్ళెం చేతికిచ్చినా, ముందు ఇచ్చినవాళ్ళ మొహం చూస్తుంది.

మార్చి మొదట్లో ఇంగ్వార్ ఫోన్ చేశాడు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఆయన అలా నాన్చే మనిషి కాదు.

"ఆ పెట్టెని సాక్ష్యం కింద ఊడదీయించి మా షెడ్డులో పెట్టాం కదా" అన్నాడు చివరికి.

"అవును."

"గొట్టాలు కోసేశాం. వైర్లు లేవు. వట్టి ఇనుము."

"చెప్పండి ఇంగ్వార్‌గారూ."

"షెడ్డు కప్పు మీద రెండడుగుల మంచు ఉంది. ఒక్కచోట మాత్రం లేదు. సరిగ్గా పెట్టె పైన, గుండ్రంగా కరిగిపోయి రేకు కనిపిస్తోంది. రోజూ రాత్రి మంచు కప్పేస్తుంది, పొద్దున్నకి మళ్ళీ కరిగిపోతుంది." ఆయన గొంతు తగ్గింది. "పనిలో అనుభవం ఉన్నదానివి కదా అని అడుగుతున్నాను. అలా జరగటానికి వీలుందా?"

ఓరీస్యా ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"సరేలే" అన్నాడు ఇంగ్వార్. "నేనూ ఇంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. షెడ్డు పక్క గదిలో పడుకునే మా కాపలావాడు మూడు రోజులుగా తలనొప్పంటున్నాడు. ఇవాళ తెల్లారుజామున గదిలో లేడు. కోటు మాత్రం కొక్కేనికి వేలాడుతోంది..."