పేరు పెట్టి పిలిచేది

నెల్లిమర్లలో జూట్ మిల్లుకి రెండు వీధుల అవతల తాయారుది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, కంప్యూటరు. వెనక వంటిల్లు. మధ్యన పాత చీర తెర. రెండేళ్ల కిందటి వరకూ ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉండేవారు. కాంతం పోయాక తాయారు ఒక్కర్తే మిగిలింది.

కాంతానికో పట్టింపుండేది. సందెవేళ అన్నానికి “అందరూ రండి” అనేది కాదు. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచేది. “అందరూ అంటే ఎవులొస్తారో మనకేటి తెల్సు?” అనేది. ఉన్నది ఇద్దరే అయినా, “తాయారూ” అని పిలిచాకే పళ్లెం పెట్టేది.

అక్క మొహం గోడ మీద పటంలో ఉంది. గొంతే గుర్తు రావడం లేదు. మొన్నొకరోజు అన్నం కలుపుకుంటూ ఎంత తలుచుకున్నా రాలేదు. పళ్లెం అలాగే వదిలేసి లేచింది.

ఆ గొంతు పాత కంప్యూటర్లో ఉంది. వంటలు ఎలా చెయ్యాలో కాంతం చెప్పి పెట్టిన ఏడు రికార్డింగులు. ఆ కంప్యూటరు చెడిపోతే, మెకానిక్కు ఉపేంద్ర దాని డిస్కు తీసి కొత్తదాంట్లో పెట్టాడు. ఫోల్డరు కనిపిస్తోంది. తెరవబోతే మాత్రం, నీకు అనుమతి లేదంటోంది.

ముసురు పట్టిన సాయంత్రం, దీపాలవేళ, తాయారు అతనికి ఫోను చేసింది.

“ఏటక్కా, మళ్లీ ఏటి పాడుసేసావు?”

“నోర్ముయ్‌రా. మా అక్క నన్ను లోపలికి రానివ్వడం లేదు.”

ఉపేంద్ర నవ్వాడు. “ఫోల్డరంటే గది అనుకో అక్కా. తాళం పాత కంప్యూటర్లో మనిషి పేరు మీదున్నాది. ఆ మనిషెవులో కొత్తదానికి తెలీదు. ఓనరుగా నిన్ను నిన్ననే పెట్టీసాను. ఇంక ఎవుల్ని రానివ్వాలో సెప్పాల. ఫోల్డరు మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అన్న పేజీ తెరు. అక్కడ నీ పేరు రాయి. నీ పేరొక్కటే సుమా, మరింకే...”

లైను తెగిపోయింది.

తాయారు తన పేరు రాసింది. అలాంటి పేరు లేదంది కంప్యూటరు. మళ్లీ రాసింది. లేదు. విసుగొచ్చి పేర్ల జాబితా తెరిచింది. అందులో ‘ఎవ్రీవన్’ అని ఉంది. అంటే అందరూ. అందరిలో నేనూ ఉంటాను కదా అనుకుని నొక్కేసింది.

ఫోల్డరు తెరుచుకుంది.

“ఆవ పెట్టిన పనసపొట్టు... ఆవముద్ద ఆకర్న కలపాలే. పొయ్యి మీద కలిపితే సేదెక్కుతాది...”

అదే గొంతు. తాయారు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అంతలో గొంతు వెనక ఎవరో దగ్గారు. మగ దగ్గు.

కళ్లు తుడుచుకుని చూస్తే రికార్డింగులు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదోదానికి ఈవాళ్టి తారీఖు.

నొక్కింది.

వాన చప్పుడు. ఎవరో వెక్కుతున్నారు... అది తన ఏడుపే. ఇందాకటిది. దానికి బాగా దగ్గరగా, తడి ఊపిరి. ఒకరిది కాదు. తడిసిన గోనెల వాసన గదంతా కమ్ముకుంది.

ఆ ఊపిర్ల మధ్యనుంచి కాంతం గుసగుస.

“ఎంతమందిని పిలిసీసావే...”

తాయారు గబగబా పేర్ల జాబితా మళ్లీ తెరిచింది. ‘ఎవ్రీవన్’ తీసెయ్యబోయింది. నీకు అనుమతి లేదు. మళ్లీ నొక్కింది. నీకు అనుమతి లేదు. రికార్డింగులు తొమ్మిదయ్యాయి. పదకొండు...

గోడ దగ్గర ప్లగ్గు పీకేసింది.

కంప్యూటరు తెర నల్లబడింది. గదిలో చీకటి. వాన.

వంటింట్లో పళ్లెం పెట్టిన చప్పుడు.

“గంగులూ...” అని పిలిచింది కాంతం గొంతు.

ఇంకో పళ్లెం.

“లక్ష్మణమ్మా...”

“కూర్మమ్మా...”

ఏవీ తాయారు ఎరిగిన పేర్లు కావు. పేరు పేరుకీ చీర తెర కాస్త కదులుతోంది. పేరు పేరుకీ ఒక పళ్లెం. ఇంట్లో ఉన్నవి రెండే పళ్లేలు. అయినా తొమ్మిదో చప్పుడు వినిపించింది. పదో చప్పుడూ...

వీధి తలుపు చేతికందే దూరంలోనే ఉంది. తాయారు లేవలేదు.

తన పేరు ఇంకా పిలవలేదు.