ఎర్రబడిన తపనమాని

పత్తి చేలు పోయి సూర్యఫలకాలు వచ్చాక గోదావరి పక్క పల్లెల్లో పని తగ్గింది, కాపలా మిగిలింది. ఫలకాలను తుడిచే యంత్రాలు పొద్దున్నే వరసగా బయలుదేరతాయి. తుడుస్తాయి, తిరిగొస్తాయి, తమ గూట్లో తామే పడుకుంటాయి. మనిషి వాటిని చూస్తూ కూర్చోవాలి. చూడడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీలోకి హాయిబిళ్ళ వచ్చింది.

బిళ్ళ కందిబద్దంత ఉంటుంది. చెవి వెనక అంటించుకుంటే చర్మం గుండా మెదడుకు తీపి కబురు పంపుతుంది. వాసన రాదు, తూలడం ఉండదు. మనిషి నవ్వుతూ కూర్చుంటాడు, అంతే. కొన్నేళ్లకు ఒంటికి ఊపిరి తీయడం కూడా బద్ధకమవుతుంది. నిద్రలో ఆగిపోతుంది.

చిలుముల ఓదెలుకు రెండుసార్లు అలా ఆగింది. రెండుసార్లూ పక్కనున్న భార్య కుదిపి లేపింది. మూడోసారి కుదిపినా లేవడని డాక్టర్లు చెప్పారు. అందుకే విముక్తి కేంద్రానికి వచ్చాడు. అక్కడ ఎవర్నీ కట్టేసి ఉంచరు. తలుపు ముందు నిలబడి "పోతా" అంటే తలుపు తెరుచుకుంటుంది. బయట మలుపులోనే బిళ్ళ దొరుకుతుంది.

బిళ్ళ మానడానికి మందు లేదు. ఎరుక ఒక్కటే ఉంది. పాత పుస్తకాల్లో మైండ్‌ఫుల్‌నెస్ అని రాసినదాన్ని కేంద్రంలో ఎరుక అనేవారు. ఆరోగ్య కార్యకర్తలకు అది నేర్పే పని డాక్టర్ తుకారాంది. ఆయన పాఠం చిన్నది.

"వాగు పొంగితే ఏం చేస్తాం? దిగం. అడ్డంగా గోడ కట్టం. ఒడ్డున నిలబడి చూస్తాం. కాసేపటికి అదే తగ్గుతుంది. బిళ్ళ మీది తపన కూడా అంతే. రోగికి ఒడ్డున నిలబడడం నేర్పండి."

తపన కంటికి కనబడదు కాబట్టి దాన్ని కొలిచే పరికరాన్ని కూడా ఆయనే కనిపెట్టాడు. దాని పేరు తపనమాని. ఇత్తడి చెంబును బోర్లించినట్టు ఉంటుంది. దగ్గరున్న ఒంటి నుంచి వచ్చే సన్నటి విద్యుత్ తరంగాలను, ఊపిరిలోని వేడిని దాని సెన్సర్లు పట్టుకుంటాయి. తపన లేకుంటే చెంబు ఆకుపచ్చగా వెలుగుతుంది. మొదలైతే పసుపు, ముదిరితే ఎరుపు. రోగిని ఒక్కడినే గదిలో కూర్చోబెట్టి ఎన్నోసార్లు పరీక్షించారు. ఒక్కసారి కూడా తప్పు చూపలేదు.

అయినా శిక్షణలో చివరి మెట్టు ఎవరి వల్లా కాలేదు. రోగికి ఎదురుగా కూర్చుని తపన దాటించాలి. కార్యకర్త కూర్చున్న కాసేపటికే చెంబు ఎర్రబడేది. ఆ ఎరుపు చూసి రోగి లేచి వెళ్లిపోయేవాడు. బిళ్ళ మనిషిని అంత లోతుగా పట్టుకుందని తుకారాం తేల్చాడు.

ఆ రోజు శిక్షణలో ఉన్న కార్యకర్త రవళి వంతు. ఎదురుగా ఓదెలు, ఇద్దరి మధ్య చెంబు. పక్క గదిలో, అద్దం వెనక తుకారాం.

"కాకా, కళ్లు మూసుకో. ఊపిరి మీద మనసు పెట్టు."

"మనసు నా మాటినేదుంటే ఈడికెందుకొస్త బిడ్డా?"

"నవ్వులాట కాదు కాకా. చెవి వెనక ఎట్లుంది?"

"చీమ పాకినట్టుంది."

"మంచిది. ఆ చీమను చూస్తుండు. వీపు నిటారుగా పెట్టు. భుజాలు వదులు చెయ్యి. ఊపిరి మెల్లగా... మెల్లగా అన్న కదా!"

"ఒక్కపారే గిన్ని జెయ్యాల్నా? బడిల పంతులమ్మే నయముండె."

చెంబు పసుపెక్కింది. అది చూసి రవళి కుర్చీ ముందుకు జరుపుకుంది. గొంతు పెంచింది. భార్యను తలుచుకోమంది, మనవరాలి ముఖం చూడమంది, ఊపిరి ఆగిన రోజును గుర్తు చేసింది. చెప్పేకొద్దీ చెంబు ఎర్రబడింది.

ఓదెలు కళ్లు తెరిచాడు.

"అగో, నిప్పుల కుంపటి లెక్కున్నది. నా లోపల గింతుందా?" ముఖం వాడిపోయింది. "నాతోని కాదు బిడ్డా. ఉత్తగ నీ పొద్దు ఖరాబు జేస్తున్న."

లేచి తలుపు దగ్గరికి నడిచాడు. ఇక "పోతా" అన్న ఒక్క మాట చాలు.

రవళి నోటి నిండా మాటలు వచ్చాయి. అప్పుడే ఆమెకు తన ఒళ్లు తెలిసింది. నాలుక పళ్లను నెడుతోంది. గుండె మీద ఎవరో కాలు పెట్టినట్టుంది. ఈయన్ను నేనే ఆపాలి, నా చేతుల్లోనే బాగుపడాలి, అద్దం వెనక సార్ అది చూడాలి. లోపల ఇదంతా పొంగుతోంది. ఆమె నోరు తెరవలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆ పొంగును చూస్తూ కూర్చుంది. అది గొంతు దాకా వచ్చి నిలిచింది. తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

వెనక నుంచి పిలుస్తారని ఓదెలు తలుపు ముందు ఆగాడు. ఎవరూ పిలవలేదు. తిరిగి చూశాడు. చెంబులో ఎరుపు లేదు. ఎండుగడ్డి రంగులో పలచగా వెలుగుతోంది.

"గిదేంది? చీమ ఎప్పటి లెక్కనే పాకుతాంది. చెంబెట్ల సల్లబడ్డది? నువ్వేం జేసినవ్?"

"ఏం చెయ్యలేదు కాకా. ఊకున్న."

ఓదెలు చెంబును చూశాడు, ఆమెను చూశాడు. "జర అవుతలికి పో."

ఆమె గోడ దాకా జరిగింది. ఓదెలు చెంబు పక్కన నిలబడ్డాడు. అదే ఎండుగడ్డి రంగు.

"అయితే గా ఎర్రది నీదే!"

"నాదే కాకా. నిన్ను బాగుచెయ్యాలని ఆగలేకపోయిన."

"ఓ యమ్మ! నేను దినాం బిళ్ళ పెట్టినోణ్ని. నాకంటె నీకే ఎక్కువున్నది గదనే!" ఓదెలు పగలబడి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. "గీ గడ్డిపోచంత దానికా నేను ఉరికిపోతున్న? కూసో. ఏం జెప్పకు."

ఇద్దరూ కూర్చున్నారు. ఓదెలు చెవి వెనక చీమను చూశాడు. బయట తుడుపు యంత్రాలు పని ముగించుకుని వరసగా తిరిగొస్తున్న చప్పుడు వినబడింది, ఆగింది. చెంబు ఆకుపచ్చకు తిరిగింది.

"పోయింది," అన్నాడు ఓదెలు. "మళ్ల వస్తది గద?"

"వస్తది."

"రానీ."

తలుపు దభాలున తెరుచుకుంది. తుకారాం లోపలికి దూసుకొచ్చాడు.

"అర్థమైంది! గదిలో ఎవరి తపన బలంగా ఉంటే అదే చూపిస్తోంది! వడపోత పెట్టేస్తా, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. రవళీ, నువ్విటు జరుగు. ఓదెలూ, కదలకు, మళ్లీ మొదటి నుంచి చేద్దాం. ఆ చెంబు ఇలా ఇవ్వండి..."

చెంబు భగ్గుమంది. అంత ఎరుపు ఆ గదిలో ఎప్పుడూ ఎవరూ చూడలేదు. తుకారాం చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఓదెలు పక్కనున్న కుర్చీని కాలితో ఆయన వైపు తోశాడు.

"వాగు పొంగింది సారూ. జర ఒడ్డున కూసో."