సైనైడ్ దిబ్బ మీద ఎర

కోలారు టమాట మార్కెట్లో వేలంపాట మంచి ఊపు మీద ఉన్నప్పుడు అమృతరాజును కాల్చారు.

తుపాకీకి సైలెన్సర్. ముసలోడు దగ్గినంత చప్పుడు, అంతే. అమృతరాజు క్రేట్ల మీద పడ్డాడు, క్రేట్లు ఆయన మీద పడ్డాయి. చుట్టూ చితికిన టమాటాలు. ఏది రసమో ఏది రక్తమో హమాలీలు తేల్చుకునేలోపే హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు చచ్చినవాడి భుజం మీది సంచి తెంపుకొని లారీల సందులోకి జారుకున్నాడు.

చచ్చినవాడు మంత్రి కాదు, ఎమ్మెల్యే కాదు. గబ్బిలాలను లెక్కపెట్టేవాడు. అందుకే పేపర్లో వార్త సినిమా బొమ్మ కింద ఇరుక్కుంది.

ఆ వార్త చించి జేబులో పెట్టుకున్న మనిషి ఒక్కతే. ప్రిన్సీ. చచ్చినవాడి చెల్లెలు. వైల్డ్‌లైఫ్ ఇంటెలిజెన్స్‌లో సీక్రెట్ ఏజెంటు.

శ్రీనివాసపురం మామిడి మండీలోకి ఆమె జ్యూస్ ఫ్యాక్టరీ ఏజెంటు వేషంలో వెళ్లింది. కట్టుడు జడ, గిల్టు గాజులు, నడుము చుట్టూ చుట్టిన దూది. కాయల రాశి వెనక, తలపాగా చుట్టుకొని చీఫ్ పురుషోత్తమ్ కూర్చున్నాడు.

"మల్లికా ఎట్లిస్తావప్పా?"

"మల్లికా లేదమ్మా. గాలికి రాలిన తోతాపురి ఉండాది."

"రాలిందే కావల్ల."

కోడ్ సరిపోయింది. పురుషోత్తమ్ భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. మండీలో ఎవరు చూసినా తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరమాడుతున్నారనే అనుకుంటారు. ఆమె అరచేతిలోకి ఒక చిప్ జారింది.

"సారీ ప్రిన్సీ. మీ అన్న..."

"బ్రీఫింగ్ చెప్పండి సార్."

"రాయల్పాడు పక్కన ఒక గుట్ట. దాని గుహలో కోలారు ఆకుముక్కు గబ్బిలాలు. ఈ జిల్లా దాటితే భూమ్మీద ఇంకెక్కడా కానరావు. ఈ కాలనీని కనిపెట్టింది మీ అన్నే."

"గుట్ట రాయి?"

"నల్ల గ్రానైట్. అబ్సిడియన్ అని ఫారిన్ ముఠా ఒకటి దాని మీద కన్నేసింది. బాసు పేరు క్రోల్. శుక్రవారం సర్వే టీమ్ వస్తుంది. గబ్బిలం కనబడితే గుట్ట మనది. కనబడకపోతే లీజు వాడిది."

"అందుకని టీమ్ రాకముందే గుహ పేల్చేస్తారు."

"అదే ప్లాన్. మన డేటాబేస్‌లో జనానికి కనిపించేది తాలూకా పేరు వరకే. గుహ ఎక్కడుందో చెప్పే అసలు పాయింట్ లాక్‌లో ఉంటుంది. అరుదైన ప్రాణి అడ్రస్ బయటపెడితే దాని పీక కోసినట్టే. ఎవరో లాక్ తెరిచి తొంగిచూస్తున్నారని మీ అన్న పసిగట్టాడు. అందుకే ఈ గుహ పాయింట్ అందులో ఎక్కించలేదు. తన బ్యాట్ డిటెక్టర్‌లోనే దాచుకున్నాడు. గబ్బిలం కూతతో పాటు తావు కూడా రికార్డు చేసే మిషను అది."

"సంచిలో పోయింది అదేనా?"

"అదే. పాస్‌వర్డ్ ఉంది కాబట్టి తెరవడానికి వాళ్లకు కొంచెం టైమ్ పడుతుంది. లాక్ తాళం ముగ్గురి దగ్గరుంది. మీ అన్న, నేను, డేటా మేనేజర్ డెరిక్. నన్ను కూడా అనుమానించు. ఇది ఆర్డర్. చిప్‌లో నా తాళం ఉంది." తువ్వాలు తీసి భుజాన వేసుకుంటూ అన్నాడు. "ప్రిన్సీ, నిన్ను పంపుతున్నది గుహ కాపాడటానికి. పగ తీర్చుకోవడానికి కాదు."

"సరే సార్," అని ప్రిన్సీ అబద్ధమాడింది.

రాయల్పాడులో అన్న స్నేహితుడు, గుహ దారి తెలిసిన మామిడి రైతు చిన్నవెంకటప్పను గుట్ట కింద కాపలా పెట్టి, ఆమె తిన్నగా కేజీఎఫ్ చేరింది.

చాంపియన్ రీఫ్‌లో కూలీ లైను ఇల్లు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. తల్లి లూర్దమ్మ ఏడవడం లేదు. కిటికీ మీద పేరుకున్న తెల్లటి దుమ్మును గుడ్డతో తుడుస్తోంది. పొద్దున్నుంచి అదే పని. గనులు మూసి ఇరవై ఏళ్లయినా సైనైడ్ దిబ్బల నుంచి ఆ దుమ్ము లైన్లలోకి లేస్తూనే ఉంది. బంగారం బిస్కెట్లయి ఎటో పోయింది. బంగారం కడిగిన విషపు మట్టి మాత్రం కొండలై ఇక్కడే మిగిలింది. ప్రిన్సీ తండ్రి ఊపిరితిత్తులు రాయిగా మారి చచ్చాడు. గాలి ఎటు వీస్తుందో చూసుకొని దొరలు బంగళాలు కట్టుకున్నారు, కూలోళ్లకు మిగిలిన చోట లైన్లు కట్టించారు.

"పాపా, చంపినోడు దొరుకుతాడా?"

"దొరుకుతాడు మా."

"దొరికితే పోలీసోళ్లకియ్యొద్దు. నాకియ్యి."

"నువ్వేం చేస్తావు మా?"

"ఈ దుమ్ము తినిపిస్తా. మీ నాయన తిన్నంత." లూర్దమ్మ గుడ్డ బయట దులిపి మబ్బు వైపు చూసింది. "నిన్నంతా వాన గదా. దిబ్బ దిక్కు పోవద్దే. పైన గట్టిగా కానొస్తాది, కింద బురద. మన బచ్చప్ప ఎద్దును మింగేసింది యాదుందా?"

ప్రిన్సీ తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత కిటికీలోంచి దిబ్బ వైపు చూసింది. ల్యాప్‌టాప్ తెరిచి చీఫ్ ఇచ్చిన చిప్ పెట్టింది.

'రెండో కాలనీ దొరికింది, శుక్రవారం సర్వే టీమ్‌కు ఇదీ చూపాలి' అని రెండు దొంగ రికార్డులు రాసింది. చీఫ్ తాళంతో తెరిస్తే శ్రీనివాసపురం తోపులో పాడుబడ్డ బావి కనబడుతుంది. డెరిక్ తాళంతో తెరిస్తే సైనైడ్ దిబ్బ నడిమధ్యన కూలిపోయిన పంపుహౌసు, దాని కింది సొరంగం. క్రోల్ మనుషులు యాడికి వస్తే ఆ తాళమున్నవాడే ద్రోహి.

మధ్యాహ్నం డెరిక్ ఆమెను పాత క్లబ్బులో లంచ్‌కు పిలిచాడు. మనిషి సినిమా హీరోలా ఉంటాడు. తెల్ల లినెన్ షర్టు, గాగుల్స్, గది నిండా సెంటు వాసన. వాళ్ల తాత గనుల సూపరింటెండెంటు.

"ఐ యామ్ సో సారీ, డార్లింగ్. అమృత్ నాకు తమ్ముడిలాంటివాడు," అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అన్న కాయితాల్లో ఇంకో కాలనీ కనబడింది డెరిక్. రికార్డు ఎక్కించినాను. నువ్వు కూడా చూడు, నాకు భయంగా ఉండాది."

"డోంట్ వరీ. నేను చూసుకుంటాను." వంగి ఆమె చేతి మీద ముద్దు పెట్టాడు.

డెరిక్ బిల్లు కట్టడానికి లేచాక ప్రిన్సీ ఆ చేతిని టేబుల్ గుడ్డకేసి రుద్ది రుద్ది తుడుచుకుంది.

గురువారం సాయంత్రం ఎండ. ప్రిన్సీ దిబ్బ మీద పాత ఇనుప పైపులైను చాటున పడుకొని ఉంది. లైన్ల పిల్లలకు అదొక్కటే దారి. పైపు మీద నడిచినంతసేపే కాలికి నేల.

కింద జీపు ఆగింది. స్టీరింగ్ దగ్గర తెల్లతోలు మనిషి, క్రోల్. పక్కన గాగుల్స్. వెనక డైనమైట్ పెట్టెలు.

"ఈజ్ ది గ్రౌండ్ హార్డ్?" అన్నాడు క్రోల్.

"ఇది నేను పుట్టిన ఊరు మిస్టర్ క్రోల్. డ్రైవ్!"

పుట్టిన ఊరే. కానీ పుట్టింది బంగళాలో. దిబ్బను గోల్ఫ్ ఆడుతూ దూరం నుంచి చూశాడే గాని ఒక్కనాడు కాలు పెట్టి ఎరగడు. జీపు తెల్లటి పెచ్చు మీద బిస్కెట్టు మీద చీమలా పాకింది. నడిమధ్యకొచ్చాక పెచ్చు విరిగింది. ముందు చక్రాలు దిగాయి, ఆ వెనకే ఇంజను, అడుగున పాత పైపుకు తట్టుకొని జీపు అట్లే నిలబడిపోయింది. క్రోల్ తల స్టీరింగుకు కొట్టుకుంది, స్పృహ తప్పాడు. డెరిక్ ఒక్క దూకు దూకాడు. దూకినవాడు దూకినట్టే నడుము దాకా దిగబడ్డాడు. పిస్టల్ చెయ్యి జారి బురదలో మాయమైంది.

ప్రిన్సీ పైపు మీద నిలబడింది. ఒక చేతిలో తుపాకీ, భుజాన నైలాన్ తాడు.

"ఏమప్పా దొరా, గబ్బిలాలు కానొచ్చినాయా?"

"ప్రిన్సీ! తాడెయ్యి!"

"మా అన్నను కాల్చిందెవరు?"

"క్రోల్ మనిషి..."

ఆమె తాడు తీసి నిదానంగా మళ్లీ భుజానికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. బురద అతడి పొట్ట దాటింది.

"నేనే! నేనే కాల్చినా! చాలా?"

చాల్లేదు. ఆమె ట్రిగ్గర్ మీద వేలు పెట్టింది. 'నాకియ్యి' అన్న తల్లి మాట చెవుల్లో మోగుతోంది. డెరిక్ ఆ వేలునే చూస్తూ నవ్వాడు, పాపం, కొంచెం పిచ్చిగా.

"షూట్ మీ. డిటెక్టర్ నిన్న రాత్రే తెరుచుకుంది. అసలు గుహలో బాంబు పొద్దునే పెట్టించినాను. ఆపే నంబరు నాకొక్కడికే తెలుసు. ఎండ పోయేలోపు పేలుతుంది. మీ అన్న గబ్బిలాలన్నీ పచ్చడి."

ప్రిన్సీ ఫోన్ తీసింది. "చిన్నవెంకటప్పన్నా! పొద్దున గుట్టెక్కిందెవరు?"

"టవరు సర్వే వాళ్లు గదమ్మా. టోపీలు, బ్యాడ్జీలు అన్నీ ఉండె. యాలా?"

"గుహలోకి ఉరుకన్నా. లోపల పెట్టె ఏమన్నా ఉండాదేమో చూడు."

కాసేపు ఆయన ఆయాసం. తర్వాత వేల రెక్కల చప్పుడు. "ఉండాదమ్మా. ఎర్రలైటు కొట్టుకుంటా ఉండాది. కాలుక్యులేటరు మాదిరి మీటలు."

ఎవడి పీక పిసకాలని వచ్చిందో వాడి నోట్లోనే అన్న ప్రాణం పెట్టిన పని ఉంది. ప్రిన్సీ తుపాకీ నడుముకు దోపుకుంది.

"నంబరు చెప్పు. బురదలోంచి లాగుతా."

"ముందు లాగు."

"ముందు నంబరు."

బురద చంకల దాకా వచ్చింది. "టూ సెవెన్ వన్ ఫోర్!" అన్నాడు డెరిక్.

"అన్నా, రెండు, ఏడు..." అంటూనే ప్రిన్సీ అతడి ముఖం చూసింది. చచ్చేవాడి ముఖం అంత కుదురుగా ఉండదు. "ఆగన్నా! నొక్కొద్దు!"

వెనక్కి తిరిగి పైపు మీద నడక మొదలుపెట్టింది. ఒక అడుగు, ఇంకో అడుగు.

"ప్రిన్సీ!" డెరిక్ గొంతు కీచుమంది. సెంటు, ఇంగ్లీషు, తాత బంగళా అన్నీ ఊడిపోయి లోపలి భయం బయటికొచ్చింది. "యాడ పోతా ఉండావు! తొమ్మిది సున్నా సున్నా మూడు! మేరీమాత సాక్షి! తొమ్మిది సున్నా సున్నా మూడు!"

"అన్నా, తొమ్మిది. సున్నా. సున్నా. మూడు. నొక్కు!"

ఫోన్‌లో బీప్ బీప్ వేగం పెరిగింది. చివరికి ఒకటే పొడుగు కూతైంది. ప్రిన్సీ కళ్లు మూసుకుంది.

"లైటు ఆరిపాయ," అన్నాడు చిన్నవెంకటప్ప. "అయినా నా నెత్తి మీద ఇంగ రెట్టలు పడతానే ఉండాయమ్మా."

ప్రిన్సీకి ఆ రోజు మొదటిసారి ఏడుపొచ్చింది. అది తుడుచుకొని తాడు విసిరింది. డెరిక్ చంకల కింద ఉచ్చు బిగించి, రెండో కొస పైపుకు కట్టేసింది. మునగడు. పైకీ రాడు.

"లాగుతానన్నావు గదా!"

"లాగుతా. మా అమ్మొచ్చినాక."

ప్రిన్సీ ముందే చెప్పి ఉంచడంతో అప్పటికే దిబ్బ కింద లూర్దమ్మ నడిచొస్తోంది. చేతిలో చేట. కొంగు నడుముకు దోపుకుంది. ఈదురు గాలికి దిబ్బ మీది తెల్లదుమ్ము లేచి డెరిక్ నోట్లో పడుతోంది. అతడు దగ్గుతున్నాడు. ప్రిన్సీ తండ్రి కూడా సరిగ్గా అట్లాగే దగ్గేవాడు.

ఫోన్ మోగింది. పురుషోత్తమ్.

"ప్రిన్సీ, రిపోర్ట్. గుహ?"

"సేఫ్ సార్."

"క్రోల్?"

"జీపులో నిద్రపోతా ఉండాడు సార్."

"డెరిక్ నాకు ప్రాణాలతో కావాలి. కోర్టులో మాట్లాడాలి వాడు. ఏ స్థితిలో ఉన్నాడు?"

ప్రిన్సీ ఒకసారి కిందికి చూసింది.

"గొంతు వరకే మునిగినాడు సార్. మాట్లాడేదానికి నోరు పైననే ఉండాది."